బూడిదరంగు ఫెర్గూసన్: ఒక ట్రాక్టరు చరిత్ర, దాని మరమ్మతు

నాగలి దున్నే రైతు చేయి ఎప్పుడూ మేడి మీదనే ఉంటుంది. కర్రు లోతుగా దిగినదంటే ఎడ్లు ఆయాసపడతాయి. రైతు మేడిని కొంచెం సడలిస్తాడు. కర్రు పైకి తేలినదంటే అదిమిపడతాడు. చాలు లోతు ఒక్క తీరుగా ఉండడానికి కారణం నాగలి కాదు, ఆ చేయి. ఎడ్ల స్థానంలో ఇనుప యంత్రం వచ్చినప్పుడు ఈ చేయి సంగతి చాలాకాలం ఎవరికీ పట్టలేదు. ట్రాక్టరును ఎద్దువలె భావించి, దాని వెనుక నాగలిని గొలుసుతోనో కొక్కెంతోనో తగిలించి ఊరుకున్నారు.

దాని ఫలితం కొన్నిసార్లు ప్రాణాంతకంగా ఉండేది. నాగలి భూమిలోని బండకు తగులుకొని ఆగిపోయినదనుకుందాము. ఇంజను మాత్రం ఆగదు. వెనుక చక్రాలను తిప్పడానికి ప్రయత్నిస్తూనే ఉంటుంది. చక్రాలు కదలలేనప్పుడు, న్యూటను మూడవ సూత్రం ప్రకారం, ట్రాక్టరు శరీరమే ఇరుసు చుట్టూ ఎదురుదిశగా తిరుగుతుంది. ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. క్లచ్చి నొక్కేలోగా బండి వెల్లకిల పడి, నడిపేవాడు దానికింద నలిగిపోతాడు. 1917లో మొదలై లక్షల సంఖ్యలో అమ్ముడైన ఫోర్డుసన్ ట్రాక్టరుకు ఈ విషయంలో చెడ్డపేరే వచ్చింది.

ఈ సమస్యను పట్టుకొన్నవాడు హారీ ఫెర్గూసన్. ఐర్లండు ఉత్తర భాగంలోని డౌన్ జిల్లాలో 1884లో ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. పొలం పని మీద ఆయనకు మమకారం లేదు. యంత్రాల మీదనే ఉండేది. 1909 డిసెంబరు 31న తాను నిర్మించిన విమానంలో తానే ఎగిరి, ఐర్లండులో మొట్టమొదట విమానం నడిపినవాడయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, ఆహారధాన్యాల కొరత తీవ్రమైనప్పుడు, అక్కడి ప్రభుత్వం తన ట్రాక్టర్ల పనితీరును మెరుగుపరచే పనిని ఆయనకు అప్పగించింది. ఊరూరా తిరిగి చూసిన పిదప, లోపం ట్రాక్టరులోనూ లేదు, నాగలిలోనూ లేదు, ఆ రెండింటినీ కలిపే పద్ధతిలో ఉన్నదని ఆయన తేల్చుకున్నాడు.

ఆయన కనిపెట్టిన పద్ధతిలో నాగలి మూడు కడ్డీలతో ట్రాక్టరుకు అతుకుకొని ఉంటుంది: కింద రెండు, పైన ఒకటి. కింది కడ్డీలు నాగలిని లాగుతాయి. కర్రు మట్టిని చీల్చేటప్పుడు నాగలి పైభాగం ముందుకు ఒరగడానికి ప్రయత్నిస్తుంది కనుక, పైకడ్డీ ట్రాక్టరును ముందుకు నెడుతుంది. ఈ నెట్టుడే ముందు చక్రాలను నేలకు అదిమిపెడుతుంది. అంతేకాదు, పైకడ్డీ చివర ఒక స్ప్రింగు ఉన్నది. కర్రు లోతుగా దిగితే మట్టి నిరోధం పెరిగి స్ప్రింగు నొక్కుకుంటుంది. ఆ కదలికతో ఒక కవాటం తెరచుకొని, పంపు నుండి చమురు సిలిండరులోకి పోయి, చేతులు నాగలిని కొద్దిగా పైకెత్తుతాయి. నిరోధం తగ్గితే నాగలి మళ్ళీ దిగుతుంది. అనగా, రైతు చేయి మేడి మీద చేసే పనిని స్ప్రింగూ చమురూ చేస్తున్నాయి. తన ఫలితాన్ని తానే గమనించి సర్దుకొనే యంత్రానికి తరగతిలో చెప్పుకోవడానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ అరుదు.

1938 అక్టోబరులో ఫెర్గూసన్ అమెరికా వెళ్ళి హెన్రీ ఫోర్డు ఇంటివద్ద దీనిని ప్రదర్శించాడు. ఇద్దరూ చేతులు కలిపి ఒప్పందం చేసుకున్నారు. కాగితం లేదు, వకీలు లేడు. 1939 నుండి ఎనిమిదేళ్ళలో మూడు లక్షలకు పైగా ట్రాక్టర్లు ఆ ఒప్పందం మీదనే తయారయ్యాయి. 1947లో ఫోర్డు మనుమడు దానికి స్వస్తి చెప్పి, అదే పద్ధతితో సొంత ట్రాక్టరు తీసుకురాగా, ఫెర్గూసన్ 25 కోట్ల 10 లక్షల డాలర్లకు దావా వేశాడు. 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరింది. పెద్దమనుషుల మాట గొప్పదే కాని, మనుమడి కాలానికి కాగితం కూడ ఉండి ఉంటే బాగుండేది.

ఈలోగా 1946లో ఇంగ్లండులోని కొవెంట్రీ నగరంలో, యుద్ధకాలంలో విమానాల ఇంజన్లు తయారైన కర్మాగారంలో, స్టాండర్డు మోటారు కంపెనీ ఫెర్గూసన్ కొరకు ‘టి.ఇ. 20’ అనే చిన్న ట్రాక్టరును మొదలుపెట్టింది. బరువు టన్నుకు కొంచెం పైన, రంగు బూడిద. 1956 వరకు 5 లక్షల 17 వేలకు పైగా తయారయ్యాయి. సర్ ఎడ్మండు హిల్లరీ బృందం 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరినది ఈ ట్రాక్టర్ల మీదనే. మంచు కొరకు చక్రాలకు పట్టీలు బిగించారు. ఫెర్గూసన్ వ్యాపారం 1953లో మాసీ-హారిస్‌తో కలిసింది. 1960లో మద్రాసులో స్థాపితమైన టాఫే కంపెనీ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లనే మన రైతులకు అందించింది. ఈనాడు తెలుగు పల్లెలలో ఏ కంపెనీ ట్రాక్టరు వెనుక చూచినా ఆ మూడు కడ్డీలు కనిపిస్తాయి.

కొవెంట్రీలో పుట్టిన ఆ పాత బండ్లను నేటికీ ఎందరో తమ ఇంటి షెడ్లలో బాగుచేసుకుంటున్నారు. అది సాధ్యం కావడానికి కారణం దాని నిర్మాణమే. విప్పి బిగించగలిగిన బోల్టులతో కూర్చిన యంత్రం అది. పనిముట్లను సర్దుకోవడానికి బండితోపాటు ఇచ్చే పానా మీద అంగుళాల గుర్తులు కూడ ఉండేవి. అదే పానా, అదే కొలబద్ద.

ఏళ్ళ తరబడి కదలని ఇంజను తరచుగా బిగుసుకుపోయి ఉంటుంది. తెరచి ఉన్న కవాటం గుండా తేమ చేరి సిలిండరు గోడ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక పిస్టను రింగులు పట్టుకుపోతాయి. సుత్తితో కొడితే పిస్టను పగులుతుంది. పలుచని నూనె పోసి, రోజుల తరబడి నాననిచ్చి, క్రాంకుషాఫ్టును వెంట్రుకవాసి ముందుకూ వెనుకకూ ఆడించడమే మార్గం. అప్పటికీ రాకపోతే సిలిండరు గొట్టాలను మార్చవచ్చును. ఇవి బ్లాకులో అంతర్భాగం కావు. చుట్టూ నీరు తాకేటట్లు విడిగా అమర్చిన గొట్టాలు. వాటి అడుగున ఎనిమిది అంకె ఆకారంలో పలుచని జాయింట్లు ఉంటాయి. అవి సరిగా కూర్చోకపోతే నీరు ఇంజను చమురులోకి దిగి, చమురు పాలవలె తెల్లబడి, బేరింగులు పాడవుతాయి. చలిదేశాలలో మరొక బెడద ఉన్నది: నీరు గడ్డకట్టినప్పుడు ఘనపరిమాణం సుమారు నూటికి 9 వంతులు పెరిగి బ్లాకునే పగులగొడుతుంది. పాత బండి కొనేవారు మొదట ఈ పగులు కొరకే వెదకాలి.

అన్నిటిలోకి జాగ్రత్త అవసరమైన పని క్లచ్చి మార్చడం. ఈ ట్రాక్టరుకు వేరే చట్రం లేదు. ఇంజను, గియరుపెట్టె, వెనుక ఇరుసు ఒకదానికొకటి బిగించగా ఏర్పడిన వెన్నెముకే దాని చట్రం. కనుక క్లచ్చిని చూడాలంటే బండిని నడిమికి రెండుగా విడదీయాలి. ముందు ఇరుసు నడుమ ఒక్క సీల మీద ఊగుతూ ఉంటుంది. రెండు పక్కలా చెక్కదిమ్మలు బిగించకుండ విడదీస్తే ఇంజను భాగం పక్కకు ఒరిగి మనిషి మీద పడుతుంది. జాకీ ఒక్కదానినే నమ్మి కిందికి దూరరాదు. పాత క్లచ్చి, బ్రేకు పట్టీలలో రాతినార ఉండే అవకాశమున్నది; ఆ దుమ్మును ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి.

నాగలిని ఎత్తే చేతులు లేవకపోతే కొత్తవారు వెంటనే పంపును విప్పుతారు. అది తొందరపాటు. ఈ బండిలో చమురుపంపు, వెనుక యంత్రాలను తిప్పే షాఫ్టు నుండే తిరుగుతుంది. ఆ షాఫ్టు మీట వేయకపోయినా, క్లచ్చి నొక్కి ఉంచినా పంపు ఆగిపోతుంది, చేతులు లేవవు. మీట వేసి చూచిన తరువాత గియరుపెట్టె చమురు చూడాలి; గియర్లకూ పంపుకూ అదే చమురు. గియరు మీట చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు చినిగితే వాననీరు దిగేది అందులోకే.

రంగు విషయమై బాగుచేసేవారిలో రెండు పక్షాలున్నాయి. ఒకరు కొత్త బూడిదరంగు వేసి మెరిపిస్తారు. రెండవవారు పాత రంగును, చిన్న సొట్టలను అలాగే ఉంచి, తుప్పును మాత్రం ఆపుతారు. రంగు ఎప్పుడైనా వేయవచ్చును, గీసివేసిన పాత రంగు మాత్రం తిరిగి రాదు. రెండవ పక్షంలోనే ఎక్కువ న్యాయమున్నది.

ఫెర్గూసన్ పద్ధతి వచ్చాక ట్రాక్టరు తిరగబడదని ఆ రోజులలో గొప్పగా చెప్పుకొనేవారు. అది నాగలిని మూడు కడ్డీలకు సరిగా తగిలించినప్పుడు నిజం. గొలుసును పైకడ్డీ చోట కట్టి మోడును పెరకబోయినవారి బండ్లు మునుపటివలెనే వెల్లకిల పడ్డాయి. లాగే బిందువు ఇరుసుకంటె పైకి వెళ్ళడమే కారణం. ఈ బండికి నడిపేవాని తలపై రక్షణ చట్రం కూడ లేదు. బాగుచేసిన బండితో ఏదైనా లాగవలసి వస్తే, గొలుసును ఇరుసుకు కిందనున్న అడ్డపట్టీకే కట్టాలి.