వేళ్ల కొసల చెమ్మ

ఎడమచెయ్యి ఎక్కువగా కదపకండి. వేళ్లకు సెన్సర్లు అంటించారు. ఒంటి చుట్టూ బిగించిన బెల్టు మీరు ఊపిరి పీల్చినప్పుడల్లా కాస్త సాగుతోంది. పైకి చూడండి, కెమెరాలు మీ నడినెత్తి వైపే గురిపెట్టి ఉన్నాయి.

బెర్లిన్, 2022. చదువుకోడానికి వచ్చిన ఊళ్లో మొదటిసారి పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కచేరీకి వచ్చారు. వింటున్న మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో కొలుస్తామని పరిశోధకులు అంటే సరేనన్నారు.

ఐదుగురు వచ్చి కూర్చుంటారు. రెండు వయొలిన్లు, రెండు వయోలాలు, ఒక చెల్లో. వయోలా వయొలిన్‌కి అక్కలాంటిది, ఒళ్లూ పెద్దదే, గొంతూ బరువే.

బీథోవెన్, ఓపస్ 104. మీ కుడిచెయ్యి దానంతటదే తాళం వెయ్యడానికి తొడ మీదికి వెళ్తుంది. చుట్టూ చూస్తారు. ఒక్క తలా ఊగడం లేదు. భళా అనేవాళ్లు లేరు. చెయ్యి వెనక్కి తీసుకుంటారు.

మొదటి భాగం ముగిసింది. చప్పట్లు కొట్టాలా? అరచేతులు లేస్తాయి. ఆగండి! ఎవరూ కొట్టడం లేదు. నాలుగు భాగాలూ అయ్యేదాకా ఊరుకోవడం ఇక్కడి మర్యాద. ఎవరైనా చూశారా? చెవులు వేడెక్కుతాయి. వేళ్ల కొసల్లో చెమ్మ.

ఆ చెమ్మ కోసమే ఈ సెన్సర్లు. మనసు కదిలితే చేతికి చెమట పడుతుంది, తడి చర్మం గుండా కరెంటు సులువుగా పోతుంది. మీకు తెలియనంత సన్నని కరెంటు అది. మనసు కదిలిన ఒకటి రెండు సెకన్లకు ఆ కరెంటును చూపే గీత పైకి లేస్తుంది. పాట కదిలించిందా, సిగ్గు కదిలించిందా అన్నది ఆ గీతకు పట్టదు.

రెండోది బ్రెట్ డీన్ 2010లో రాసిన ‘ఎపిటాఫ్స్’, అంటే సమాధి రాతలు. చనిపోయిన ఐదుగురి కోసం ఐదు భాగాలు. వాళ్లలో ఒకాయన ఈ ఊరి ఫిల్‌హార్మోనిక్‌లోనే చెల్లో వాయించేవాడు. డీన్ కూడా అదే బృందంలో ఏళ్ల తరబడి వయోలా వాయించాడు. రాగమేదో దొరికిందనుకునేలోపే జారిపోతుంది. తీగల మీద కమాను గీసుకుపోతుంది. ఆ చప్పుడూ సన్నబడుతుంది.

గొంతులో గరగర.

మింగుతారు. పోదు. జేబులో విక్స్ బిళ్ల ఉంది. విప్పితే కాగితం కరకరలాడుతుంది. దగ్గాలా? బిళ్ల తియ్యాలా? ఓర్చుకోవాలా?

ఊపిరి బిగబడతారు.

బెల్టు ఆగింది. గుండె దడదడ. కళ్లలో నీళ్లు.

ఇప్పుడు కాదు.

ఇప్పుడు కాదు.

వాద్యాలు ఆగాయి. ఎవరూ కదలరు. ఇంకా కదలరు.

చప్పట్లు! వాటి చాటున దగ్గేస్తారు. ముందు వరుసలో ఇద్దరు దగ్గుతారు, వెనకెక్కడో ఒకాయన. ఇంతసేపూ అందరిదీ ఇదే పాటన్నమాట.

చివరిది 1890 నాటి బ్రామ్స్, ఓపస్ 111. పై నాలుగు వాద్యాలూ ఒక్కసారిగా హోరెత్తుతాయి. వాటి కింద నుంచి చెల్లో పాట ఎత్తుకుంటుంది. ఎవరు వాయించినా చెల్లోకి ఇక్కడ ఇదే కష్టం, నలుగురి మధ్య తన గొంతు వినపడాలి. నెగ్గుతుందా? మీరు ముందుకు వంగుతారు. చేతి మీద రోమాలు నిక్కబొడుచుకుంటాయి. తాళం, మర్యాద, కెమెరాలు ఏవీ గుర్తులేవు.

అయిపోయింది. ప్రశ్నలు చేతికొస్తాయి. సంగీతం మిమ్మల్ని ఎంత కదిలించింది? బ్రామ్స్ దగ్గర తడుముకోరు. డీన్ దగ్గర ఆగిపోతారు. మీ గీతల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం అక్కడే ఉండొచ్చు. అది దగ్గుది.

ఒక్కరి గీతతో తేలదు కాబట్టే పక్కవాళ్ల గీతలతో పోలుస్తారు. మూడు కచేరీల్లో 132 మందివి అలా పోల్చి, 2023లో ఫలితం ప్రకటిస్తారు. గుండె వేగం, ఊపిరి వేగం, చర్మం చెమ్మ ఒకరితో ఒకరికి కలిశాయి. ఊపిరి పీల్చే క్షణం, వదిలే క్షణం మాత్రం కలవలేదు. అందరూ ఒకే పాట విన్నారు, నిజమే. అందరూ ఒకేచోట దగ్గు ఆపుకున్నా గీతలు కలుస్తాయేమోనని నా అనుమానం.

పెన్ను ఇంకా మీ చేతిలోనే ఉంది. అంకె వేసి ఊరుకోకండి. పక్కన కాస్త జాగా ఉంటే, దగ్గు సంగతి కూడా రాయండి.