కోనసముద్రం ఉక్కు: చిట్టెం దిబ్బల సాక్ష్యం

బొలీవియాలోని పొటోసిని 1987లో, మెక్సికోలోని గువానహువాటోను 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రెండూ స్పెయిన్ పాలకులు వెండి తవ్వించిన కొండ పట్టణాలు. అక్కడికి వెళ్లినవారు చర్చిలు, భవంతులు చూసి వస్తారు. ఉత్తర తెలంగాణలోనూ దూరదేశాల వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన లోహకేంద్రం ఉంది. కోరుట్ల నుంచి మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు దారి పడితే వచ్చే నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని కోనసముద్రం అదే. అయితే ఆ సంపదను గుర్తు చేసే రాజభవనాలు అక్కడ లేవు. అందుకు కారణం ఉక్కు తీసిన పద్ధతిలోనే ఉందనీ, అది గ్రహించనందువల్లే ఇలాంటి ఊళ్లు మన వారసత్వ పరిరక్షకుల కంటికి ఆనడం లేదనీ ఈ వ్యాసం ప్రతిపాదన.

పారశీక కత్తుల మీద కనిపించే అలల గీతలకు గోల్కొండ రాజ్యపు ఉక్కే కావాలని 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. కోనసముద్రం గురించి కళ్లారా చూసి రాసినవాడు హెన్రీ వెస్లీ వోయిసీ. లాంబ్టన్ నడిపిన భూసర్వే బృందంలో వైద్యుడు, భూవిజ్ఞాని. 1824లో చనిపోయాడు, ఆయన వ్యాసం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు ఆయనకు ఈ ఊళ్లోనే తారసపడ్డాడు. సరుకు తూకం వేయడం మొదలు ఉక్కు బిళ్ల గట్టిదనం పరీక్షించడం వరకు ఆ వర్తకుడు దగ్గరుండి చూసుకునేవాడు. కొనేవాడు అంత దూరం వచ్చి కొలిమి పక్కన కూర్చున్నాడంటే, ఆ పనితనం ఈ ఊరి కమ్మర్ల చేతుల్లోనే ఉందన్నమాట.

వోయిసీ చెప్పిన ప్రకారం మిర్త్‌పల్లి ఇనుము మూడు పాళ్లు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్లు కలిపేవారు. మొదటిది అయస్కాంతానికి అంటుకునే నల్ల ఇసుక నుంచి తీసింది. మూసలో, అంటే లోహం కరిగించే మట్టి పాత్రలో, ఇనుముతో పాటు కాస్త గాజు పొడి వేసి, మూత మెత్తి, ఒక పగలూ ఒక రాత్రీ మంట ఆరకుండా తిత్తులు ఊదేవారు. అక్కడితో పని అయిపోయేది కాదు. చల్లారిన బిళ్లను మళ్లీ మళ్లీ గంటల తరబడి కాల్చి, పెళుసుతనం తగ్గించాలి. మూసల తయారీలోనూ అంతే నేర్పుంది. మట్టిలో వరిపొట్టు కలిపేవారు. పగిలిన మూస ముక్కను చేతిలోకి తీసుకుంటే లోపలంతా పొట్టు మాడిన నలుపు, పైన గాజులా కరిగి గట్టిపడిన పొర. కరిగిన ఉక్కు ఎంత మట్టం వరకు నిండిందో లోపలి గోడ మీది అంచు చెబుతుంది. శాసనం ఎంత విలువైనదో పరిశోధకుడికి ఈ ముక్క కూడా అంతే.

పొటోసిలో సంపద ఒకే కొండలో ఉంది. పాలకులు చుట్టుపక్కల ఆదివాసులను మితా పేరిట వెట్టికి రప్పించి తవ్వించారు. ధనం ఒకచోట పోగుపడి నగరమైంది. ఇక్కడ ముడి ఖనిజం ఒక ఊళ్లో, బొగ్గు అడవిలో, ఇనుము మరో ఊళ్లో, ఉక్కు ఇంకో ఊళ్లో. పని ఊళ్ల మధ్య పంచుకున్నారు కాబట్టి ఆనవాళ్లూ చెదిరే ఉన్నాయి. జగిత్యాలలో 1747లో ఫ్రెంచి ఇంజనీర్లు జఫరుద్దౌలా కోసం కట్టిన కోట ఠీవిగా నిలబడి ఉంది కనుక దాన్ని చరిత్ర అంటున్నాం. పొలం గట్టు మీది చిట్టెం గడ్డను, అంటే కొలిమిలో లోహం తీయగా మిగిలిన మడ్డిని, మాత్రం రాయి అనుకుని పక్కకు విసిరేస్తున్నాం. ఈ తేడా నాకు అన్యాయంగా తోస్తుంది. కోటకు ఇంజనీర్లను బయటి నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. ఉక్కు కోసం బయటివాళ్లే మన దగ్గరికి వచ్చారు.

విదేశీ చవక ఉక్కు దిగుమతులు, అడవుల మీద ఆంక్షలు కలిసి ఈ కొలుములను ఆర్పేశాయి. పరిశోధకుడు ఎస్. జైకిషన్ ఏళ్ల తరబడి ఉత్తర తెలంగాణ ఊళ్లు తిరిగి ఆనవాళ్లు నమోదు చేశారు. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి జరిపిన క్షేత్ర సర్వేలో ఆయనతో పాటు పరిశోధకులు గిల్ జూలెఫ్, శారదా శ్రీనివాసన్ పాల్గొన్నారు. ఎక్కడ ఏముందో చాలావరకు తెలిసిపోయింది. ఇక కావలసింది రక్షణ. 1958 నాటి కేంద్ర చట్టం కట్టడాలనే కాదు, నూరేళ్లు దాటిన పురావస్తు స్థలాలనూ పరిధిలోకి తెచ్చింది. 2017లో తెలంగాణ తన వారసత్వ చట్టం తెచ్చుకుంది. కోనసముద్రం పరిసరాల్లోని చిట్టెం దిబ్బల్లో కొన్నింటినైనా, దున్నేసి చదును చేయకముందే, రక్షిత స్థలాలుగా ప్రకటించాలని పురావస్తు శాఖను కోరుతున్నాను.