శిఖండి బాల్యం: బాలల నవలలో ట్రాన్స్‌జెండర్ అనుభవానికి తెనాలి ప్రాంత మూలాలు

తెలుగు బాలసాహిత్య పరిశోధకులు ట్రాన్స్‌జెండర్ అనుభవం ఊసెత్తడం అరుదు. ఆ మౌనాన్నే సిద్ధాంతంగా మార్చిన ఒక విమర్శకుడితో ఈ వ్యాసానికి పేచీ. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఇది పరాయి విషయమనీ, 2015లో అలెక్స్ జీనో రాసిన అమెరికన్ నవల వంటివాటిని చూసి మనం ఎత్తుకున్న మోజనీ ఆయన వాదన. కానీ తెనాలి–రేపల్లె రైలెక్కే పిల్లలకు ట్రాన్స్ మహిళలు కొత్తవాళ్లేం కాదు. ఆ మహిళలకీ ఒక బడి, ఒక అమ్మ, ఒక ఆరో తరగతి ఉండేవన్న సంగతే పిల్లలకు తెలియదు. చెప్పవలసిన కథ అదే.

ఆ కథకు మూలం మహాభారతంలోనే ఉంది. ఉద్యోగపర్వంలోని అంబోపాఖ్యానాన్ని భీష్ముడి చావుకు కారణం తెలుసుకోవడానికే చదువుతూ వచ్చాం. శిఖండి వైపు నుంచి చదివితే అది ఎదిగే బిడ్డ కథ. పుట్టింది ఆడపిల్ల అన్న సంగతి దాచి, ద్రుపదుడు కొడుకు పుట్టాడని చాటిస్తాడు. మగపిల్లవాడికి చేసే సంస్కారాలన్నీ చేయిస్తాడు. ద్రోణుడి దగ్గర విలువిద్య నేర్పిస్తాడు. దశార్ణ రాజు కూతురితో పెళ్లయ్యాక గుట్టు బయటపడుతుంది. మామ యుద్ధానికి సిద్ధమవుతాడు. తనవల్లే తల్లిదండ్రులకు ఈ ఆపద వచ్చిందని కుమిలి, ప్రాణం విడవాలని శిఖండి అడవి దారి పడతాడు. అక్కడ స్థూణాకర్ణుడనే యక్షుడు జాలిపడి తన పురుషత్వాన్ని ఇస్తాడు. ఇంటి పరువు, మోయలేని రహస్యం, ఇల్లు విడవడం, ముక్కూమొహం తెలియనివాడి దయ: బాలల నవలకు ఇంతకన్నా ఏం కావాలి?

ఈ పురాణగాథలను పిల్లల వాడుక తెలుగులోకి దించడంలో తెనాలి వారిది పెద్ద చెయ్యి. 1947లో మద్రాసులో చందమామ పత్రికను నాగిరెడ్డితో కలిసి ప్రారంభించిన చక్రపాణిదీ, 1952 నుంచి దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. ఇక రంగస్థలానికి వస్తే, 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ నాటకాల్లో స్త్రీ వేషం కట్టి, సత్యభామగా, చిత్రాంగిగా ప్రేక్షకులను మెప్పించారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. స్థానంది వేషమే తప్ప జీవితం కాదన్నది నిజమే. అయినా పుట్టుకకూ స్త్రీత్వానికీ మధ్య ఉందనుకున్న గీత చెరిగిపోవడాన్ని ఈ నేల చప్పట్లతో ఒప్పుకుంది.

తెనాలి పక్కనున్న కొలకలూరులో పుట్టిన పి. సత్యవతి, ట్రాన్స్ మహిళ ఎ. రేవతి ఆత్మకథను ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేసి, 2019 సంవత్సరానికి సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం పొందారు. ఆడపిల్లలతో ఆడుకుంటే ఎగతాళి, ఇంట్లో దెబ్బలు: అందులోని బాల్యం ఏ పదేళ్ల పిల్లకైనా అర్థమయ్యేదే. పుస్తకం మాత్రం పెద్దల అలమారాలోనే ఉండిపోయింది.

2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పు ట్రాన్స్‌జెండర్ల హక్కులను గుర్తించింది. అయినా 2021లో ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించి ఉపాధ్యాయుల కోసం ఎన్‌సీఈఆర్‌టీ వెలువరించిన కరదీపిక రోజుల్లోనే వెబ్‌సైటు నుంచి మాయమైంది. బడి వెనకడుగు వేసినచోట నవల ముందుకు రావాలి. వస్తువు పురాణంలో ఉంది, ఒప్పుకోలు రంగస్థలంలో ఉంది, సాక్ష్యం అనువాదంలో ఉంది. కనుక తెలుగు పిల్లలకు ఈ అనుభవం పరాయిదనే వాదన చెల్లదు. ట్రాన్స్ బిడ్డే కథానాయికగా తెలుగు బాలల నవల రాయవలసిన బాధ్యత అందరికంటే ముందు తెనాలి, బాపట్ల, కొలకలూరు అనే ఈ మూడు ఊళ్ల రచయితలదే.