ఒంటిగంట దెబ్బ

సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం చూడాలంటే అందరూ పన్నెండింటికే పోతారు, పన్నెండు దెబ్బలూ వినొచ్చని. మా నాన్న కూడా నన్ను అట్లాగే తీసుకెళ్లేవాడు. నేను మాత్రం మా వాణ్ణి ఒంటిగంటకు తీసుకెళ్తాను. అప్పుడు మోగేది ఒక్కటే దెబ్బ.

గడియారం కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీది, సాలార్‌జంగుల ఇంటి సొత్తు. 1951 డిసెంబర్ 16న నెహ్రూ మ్యూజియం తెరిచింది దివాన్ దేవిడీలో. 1968లో సామానంతా మూసీ ఒడ్డునున్న ఇప్పటి భవనానికి మారింది. గంటకు మూడు నిమిషాల ముందు ఓ గడ్డం బొమ్మ బయటికొచ్చి నిలబడుతుంది. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. కమ్మరి బొమ్మ మాత్రం ఆగకుండా సెకనుకో సుత్తి దెబ్బ వేస్తూనే ఉంటుంది.

మా వాడికి ఆటిజం. ఆ కమ్మరంటే ప్రాణం, ఎప్పుడూ ఒకేలా ఉంటాడుగా! 1943లో లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి రాసినప్పుడు, ఏదీ మారకూడదన్న ఈ పట్టుదలనే గట్టిగా గుర్తించాడు. (వాళ్ల అమ్మానాన్నల్లో ఆప్యాయత తక్కువని కూడా రాశాడు. ఆ మాట ఎంతమంది తల్లుల్ని కుంగదీసిందో!)

ఓ సెలవు రోజు పన్నెండింటికి వెళ్లాం. బొమ్మ రాగానే జనం ఈలలు, చప్పట్లు. వాడు చెయ్యి కొరుక్కుంటూ నేల మీద పడ్డాడు. వెనక నుంచి ఒకావిడ, "పెంపకం అట్లుంది" అంది. ఆ తర్వాత ఎనిమిది నెలలు చెప్పులు కనిపిస్తే చాలు, మంచం కిందికి దూరేవాడు. గుడి లేదు, మేనత్త ఇల్లు లేదు.

వాణ్ణి బెదరగొట్టింది గడియారం కాదు, జనం. ముందు ఫోన్లో గడియారం వీడియో చూపించాను, సౌండు లేకుండా. అట్ట మీద ఐదు ఫొటోలు అంటించాను: చెప్పులు, ఆటో, నయాపూల్, గడియారం, మళ్లీ మా ఇల్లు. వాడు రోజూ వేలు పెట్టి చూసేది ఆఖరి ఫొటోనే. మొదటిసారి నయాపూల్ దాకా పోయి వెనక్కొచ్చాం. రెండోసారి గేటు దాకా. మూడోసారి, జనం లేని ఓ మంగళవారం, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని దారి పక్కనే నిలబడ్డాం. బొమ్మ వచ్చింది. ఆ మూడు నిమిషాలూ నా చీర కొంగు పిడికిట్లో నలిగింది. ఠంగుమంది. ఇంకోటి వస్తుందేమోనని చూశాడు, రాలేదు.

"అయిపోయింది," అన్నాడు.

పోయిన వారం రెండింటికి పోయాం. మొదటి దెబ్బకు హెడ్‌ఫోన్ ఓ చెవి మీంచి జరిపాడు. రెండో దెబ్బకు మళ్లీ పెట్టేసుకున్నాడు.