ఆది రవిక నుండి అంకె వరకు: భద్రాచలం మన్యంలో స్త్రీల లోదుస్తుల కొలత

తెలుగునాట దర్జీ వృత్తిలో ‘ఆది’ అన్న మాటకు ప్రత్యేకార్థం ఉంది. కొత్త రవిక కుట్టించుకొనే స్త్రీ తనకు చక్కగా అమరిన పాత రవికను దర్జీకి ఇస్తుంది. అతడు దానిని బల్లపై పరచి ఛాతీ, నడుము, భుజం, చేతి పొడవు అన్నీ దానినుండే తీసుకుంటాడు. టేపు గుడ్డను తాకుతుంది గాని ఒంటిని తాకదు. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం పట్టణాలలో నేటికీ సాగుతున్న ఈ పద్ధతిని కేవలం సిగ్గుకు ముడిపెట్టడం చాలదు. అమరిందో లేదో తేల్చవలసినది తొడుక్కున్న స్త్రీయే అన్న అంగీకారం అందులో ఉంది. వాడుకలో ‘బాడీ’ అనిపించుకొన్న లోదుస్తు వచ్చేసరికి ఈ ఆది పనికిరాకపోయింది.

అంతకుముందు కొలత సమస్య లేకపోవడానికి కారణం వస్త్రనిర్మాణమే. దక్షిణాది శిల్పంలో శ్రీదేవికి కనిపించే కుచబంధం ఒక పట్టీ మాత్రమే. ఎంత బిగించాలో కట్టుకొనేవారి ఇష్టం. కంచుకం, కుప్పసం, రవిక వంటి పేర్లు భాషలో పాతవే. ముడి రవికలో ముందరి రెండు కొసలను రొమ్ముల కింద ముడివేస్తారు. గర్భం, బాలింతతనం, వయసు తెచ్చే మార్పులన్నిటికీ ఆ ముడే సర్దుకొనేది. దానికి అంకె అక్కరలేదు.

మన్యంలో రవికే ఆలస్యంగా వచ్చింది. పాతతరం కోయ, కొండరెడ్డి స్త్రీలకు చీరచెంగే పైవస్త్రం. దీనిని వెనుకబాటుకు గుర్తుగా చదవడం సరికాదు. మైదానపు పల్లెలలోనూ రవిక తొడగని వృద్ధస్త్రీలు నిన్నమొన్నటి దాకా ఉన్నారు, సంప్రదాయ కుటుంబాలలో వితంతువుకు రవిక నిషిద్ధంగానే ఉండేది. హైమెండార్ఫ్ కొండరెడ్లపై 1945లో గ్రంథం ప్రచురించేనాటికి భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో, ఖమ్మం నిజాం రాజ్యంలో ఉండేవి. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది.

బాడీ అంకెతో వచ్చిన వస్త్రం. అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జేకబ్ 1914లో పేటెంటు పొందిన నమూనా రెండు చేతిరుమాళ్ళు, రిబ్బనుతో మొదలైనదే. 1932లో మరొక అమెరికన్ సంస్థ ఏ, బీ, సీ, డీ అక్షరాలను ప్రవేశపెట్టింది. క్రమంగా అంకె రొమ్ముల కింది చుట్టుకొలతకు, అక్షరం పై, కింది కొలతల తేడాకు గుర్తులయ్యాయి. అంకె పెరిగి అక్షరం ఒక మెట్టు తగ్గితే గిన్నె పరిమాణం దాదాపు మారదు. 34 బీ, 36 ఏ అటువంటి జంట.

చిక్కు ఇక్కడే ఉంది. జాకెట్టు కుట్టే దర్జీ చెప్పే 36 రొమ్ముల మీదుగా తీసిన కొలత. బాడీపై ఉండే 36 కింది పట్టీకి సంబంధించినది. పక్కటెముకల దగ్గర 29 అంగుళాలున్న స్త్రీకీ, 33 అంగుళాలున్న స్త్రీకీ జాకెట్టు అంకె ఒకటే కావచ్చు. ఆ అంకెనే దుకాణంలో చెబితే ఇద్దరికీ ఒకే పట్టీ చేతికొస్తుంది. పైగా కొన్ని తయారీసంస్థలు కింది కొలతనే అంకెగా తీసుకొంటే, మరికొన్ని దానికి నాలుగైదు అంగుళాలు కలుపుతాయి. (గుడ్డ మీటర్లలో అమ్మినా ఒంటికి మాత్రం ఇప్పటికీ అంగుళాలే.)

వారపు సంతలో ఈ చిక్కు రెట్టింపవుతుంది. అక్కడ తొడిగి చూసే చోటుండదు, అక్షరం అడిగే అలవాటూ తక్కువ. పాత రవికను నలుగురిలో చాపి చూపవచ్చు. పాత బాడీని చూపలేరు. అంటే ఆది ఇవ్వగల వస్త్రానికి టేపు ఉంది, టేపు అవసరమైన వస్త్రానికి ఆదీ లేదు, కొలిచే మనిషీ లేదు. వదులైన పట్టీ వీపుమీద పైకి పాకుతుంది. బరువంతా భుజాలపై సన్నని పట్టీలకు చేరుతుంది. తునికాకు కోతలో రోజంతా వంగి లేచే స్త్రీకి, తలపై కట్టెలమోపు మోసే స్త్రీకి అది చిన్న ఇబ్బంది కాదు.

ఇంట్లో టేపు లేకున్నా ఒక నూలుపోగు చాలు. ఊపిరి వదిలి, రొమ్ముల కింద పోగును బిగుతుగా చుట్టి ఒక ముడి, నిండైన చోట వదులుగా చుట్టి మరొక ముడి వేస్తే ఆ పోగే ఆది అవుతుంది. పిడికిట్లో ఇమిడే ఆ పోగును దుకాణంలోని ఆడమనిషికి ఇచ్చి కొలిపించుకోవచ్చు. కొత్త బాడీ అన్నిటికంటె వదులైన కొక్కెం దగ్గరే బిగుతుగా నిలవాలి; సాగినకొద్దీ లోపలి కొక్కేలకు జరుపుకొనేందుకే ఆ వరుసలు.