సోనాఖాన్ జమీందారుల వారసత్వము

తిల్దా ప్రాంతము వరిపంటకును, బియ్యపుమిల్లులకును ప్రసిద్ధము. ఈ ధాన్యసీమకు తూర్పుగా, జోంక్ నదీప్రాంతపు అడవులలో సోనాఖాన్ గ్రామము కలదు. ఆ పేరునకు బంగారుగని యని యర్థము. కాని ఆ గ్రామమునకు కీర్తి తెచ్చినది బంగారము కాదు, ధాన్యము.

సోనాఖాన్ జమీందారులు బింఝ్వార్ అను గిరిజన తెగకు చెందినవారు. వారిలో రామరాయ్ 1818-19 ప్రాంతమున భోంస్లే ప్రభుత్వమును, దానికి అండగా నిలిచిన ఆంగ్లేయులను ఎదిరించెను. అతని కుమారుడే నారాయణసింగ్. 1854లో ఛత్తీస్‌గఢ్ కుంపిణీ పాలనలో చేరెను.

1856లో క్షామము వచ్చెను. ప్రజలు ఆకలితో నలమటించుచుండగా కస్డోల్ వర్తకుని గాదెలలో ధాన్యము నిండియుండెను. నారాయణసింగ్ ఆ గాదెలను తెరిపించి ధాన్యమును ప్రజలకు పంచిపెట్టెను. తాను చేసిన పనిని దాచక, రాయపురమునందలి డిప్యూటీ కమీషనరుకు స్వయముగా తెలియపరచెను. ప్రభుత్వము దానిని దోపిడిగా నెంచి, ఆ యక్టోబరులో అతనిని నిర్బంధించెను.

1857 ఆగస్టులో అతడు చెరసాలనుండి తప్పించుకొని, సోనాఖాన్ చేరి, సుమారు 500 మందితో సేనను కూర్చెను. పొరుగు జమీందారులు కొందరు ఆంగ్లేయులకు తోడ్పడిరి. సేనలు గ్రామమును తగులబెట్టెను. తనవారి కష్టము చూడజాలక అతడు లొంగిపోయెను. 1857 డిసెంబరు 10న రాయపురమున అతనికి ఉరిశిక్ష అమలుజరిగెను. నలువది దినములైనను గడవకమునుపే, 1858 జనవరి 18న, అదే నగరమున హనుమాన్‌సింగ్ నాయకత్వమున సిపాయిలు తిరుగబడిరి. 17 మంది ఉరికంబ మెక్కిరి.

తెలుగువారికి ఇట్టి సందర్భమున విజయనగర ప్రభువులు జ్ఞప్తికి వత్తురు. చినవిజయరామరాజు 1794లో పద్మనాభ యుద్ధమున కుంపిణీ సేనల నెదిరించి మరణించెను. అయినను ఆ వంశమునకు సంస్థానము తిరిగి దక్కినది. కనుకనే ఆనందగజపతి కవిపండితులను పోషింపగలిగెను, గురజాడవారి కన్యాశుల్కము 1897లో ఆయనకు అంకితమయ్యెను. సోనాఖాన్ వంశమున కట్టి యవకాశము లభింపలేదు. ఆస్థానము లేదు, ఆస్థానకవులును లేరు.

అయినను ఆ పేరు చెరగలేదు. 1987లో భారత తపాలాశాఖ నారాయణసింగ్ స్మారకముగా బిళ్ళను వెలువరించెను. నవరాయపురమునందలి క్రికెట్ క్రీడాప్రాంగణము నేడు ఆయన పేరనే పిలువబడుచున్నది. ఆకలిగొన్నవారి కొరకు గాదె తెరచిన వానిని ప్రజలు తమ వానిగా నిలుపుకొనిరి. ఒక వంశము విడిచిపోదగిన ఆస్తులలో ఇంతకు మించినది అరుదు.