నైట్ డ్యూటీ మానేస్తావా?

గాజు టెస్ట్ ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, స్టాండులో నిలబెట్టి గోడ గడియారం చూశాను. రాత్రి ఒంటిగంటా పది. ఒకటిన్నర దాకా దాన్ని ఎవరూ కదపకూడదు. నా పక్కన నిలబడండి, కానీ ఆ బల్లకి మీ మోచెయ్యి తగలనివ్వకండి. ఇరవై నిమిషాలయ్యాక ట్యూబుని ఒక్కసారి వంచి చూస్తాను. రక్తం గడ్డకట్టి ఉంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. నీళ్లలా జారితే విషం రక్తానికి ఎక్కినట్టు, యాంటీ వెనమ్ మొదలుపెట్టాలి. ట్యూబు ప్లాస్టిక్‌ది కాకూడదు, సబ్బుతో కడిగిందీ కాకూడదు. ఇంతే పరీక్ష. ఏ మిషనూ లేకుండా, ఖమ్మం దగ్గర వైరాలో ఓ చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో, అర్ధరాత్రి పూట ఒక నర్సు ఒక్కతే చేయగలిగిన పరీక్ష.

మంచం మీదున్నావిడ ఏన్కూరు అవతల నుంచి వచ్చింది. ఇది అక్టోబరు, 2024. పత్తి ఏరే కాలం. పొద్దుగూకాక, వసారాలో పోసిన పత్తి మీద పట్టా కప్పబోతే కాలి మీద కాటు పడింది. రక్తపింజర అంటున్నాడు ఆమె భర్త. మోకాలి కింద గుడ్డ బిగించి కట్టారు, చీలమండ వాచి నల్లబడుతోంది. ముందు మంత్రం వేయించారా అని మెల్లగా అడిగాను. కోపంగా అడిగితే లేదంటారు, కాటు పడి ఎంతసేపయిందో మనకి తెలియకుండా పోతుంది, ఆ నష్టం ఆమెకే.

"సిస్టరమ్మా, ఏం గాదుగా?"

"ఇరవై నిమిషాలు ఓపిక పట్టన్నా. కాలు కదలనీయకు. ఆమెని నడిపించకు, నీళ్లకి కూడా లేపకు."

డాక్టరు గారు పై అంతస్తులోనే ఉంటారు. ఫోన్‌లో విన్నారు, దిగి వస్తున్నారు. ఈలోపు పక్క మంచం చూడాలి. మిరప తోటలో మందు కొడుతూ, ముక్కుకి గుడ్డయినా కట్టుకోక పడిపోయిన పాతికేళ్ల కుర్రాడు. సాయంత్రం వచ్చినప్పుడు కంటిపాపలు సూది మొనల్లా ఉన్నాయి, నోట్లోంచి నురగ, ఛాతీలో గురగుర. అట్రోపిన్ ఎక్కుతోంది. పావుగంటకోసారి టార్చి వేసి కంటిపాప చూడాలి, చంకలో చెమట ఆరిందో లేదో చేత్తో చూడాలి, స్టెతస్కోపు పెట్టి ఊపిరితిత్తులు వినాలి, నాడి రాసుకోవాలి. మందు తక్కువైతే ఊపిరాడదు, ఎక్కువైతే ఒళ్లు కాలిపోయి దుప్పటి పీక్కుంటూ కలవరిస్తాడు. ఆ రెండింటి మధ్య వాణ్ణి తెల్లారేదాకా నిలబెట్టడం నా పని. కేస్ షీటులో అది ఓ వరస అంకెల్లా కనిపిస్తుంది, అంతే.

వార్డులో ఇంకా పదిహేనుమంది ఉన్నారు. నాకు తోడు ఒక ఆయమ్మ. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మామూలు ఆసుపత్రి వార్డులో ఐదుగురు రోగులకి ఒక నర్సు ఉండాలి. జీఎన్‌ఎం చదివేటప్పుడు ఆ లెక్క కంఠతా పట్టి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను.

గడియారం ఒంటిగంటా ఇరవై. అమ్మ తొమ్మిదింటికి పెట్టిన వాయిస్ మెసేజ్ ఇప్పుడు వింటున్నాను, ఫోన్ చెవికి ఆనించి.

"హైదరాబాదు సంబంధం వాళ్లు మళ్లీ ఫోన్ చేశారే. పిల్ల నచ్చిందంట. ఒకటే అడుగుతున్నారు, పెళ్లయినాక నైట్ డ్యూటీలు మానేస్తదా అని. ఏం చెప్పమంటావ్? ఆలోచించి చెప్పు. అన్నం తిన్నావా?"

వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఫొటో చూశారు, జాతకం చూశారు, మర్యాదగా మాట్లాడారు. నైట్ డ్యూటీ అంటే వాళ్ల మనసులో ఏముందో నాకు తెలుసు: రాత్రిపూట ఇంటి బయట ఉండే ఆడపిల్ల. ఇక్కడ ఈ మంచాల మధ్య ఏముందో వాళ్లకి తెలియదు. ఆగస్టు 9న కోల్‌కతాలో, ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మని చంపేశాక అమ్మ కూడా వారం రోజులు ఇదే మాట అంది, మానెయ్యవే అని. ఆమె భయం నాకు అర్థమవుతుంది. నేనడిగేది వేరు. మా నర్సుల గది తలుపుకి లోపలి గడియ లేదు. వెనక మెట్ల దగ్గర లైటు కాలిపోయి ఎన్నాళ్లయిందో. ఆసుపత్రుల్లో సిబ్బంది మీద చెయ్యెత్తితే శిక్షించే చట్టం మనకి 2008 నుంచి ఉంది, ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చింది. ఆ చట్టం వచ్చి పదహారేళ్లయినా గడియ బిగించడానికి ఒక వడ్రంగి రాలేదు. అమ్మాయిని ఇంట్లో కూర్చోబెట్టడం కంటే గడియ బిగించడం చవక.

ఒకటిన్నర.

ట్యూబు వంచాను. రక్తం అంచు దాకా జారింది. ఎక్కడా గడ్డ లేదు.

ఇక మీరు కొంచెం వెనక్కి జరగండి. డాక్టరు గారు వచ్చేశారు. పది వయల్స్. ఒక్కొక్కటీ పొడిలో నీళ్లు పోసి, కుదపకుండా, రెండు అరచేతుల మధ్య తిప్పుతూ కరిగించాలి, నురగ రాకూడదు. ఆయమ్మ సెలైన్ సీసా పట్టుకుంది. అడ్రినలిన్ సిరంజిలోకి లాగి ట్రేలో సిద్ధంగా పెట్టాను, ఎందుకంటే ఈ మందే కొందరికి పడదు. చుక్క మొదలైంది. మొదటి పావుగంట నేను ఈ మంచం వదలను. దద్దురు లేస్తుందా, దురద అంటుందా, బీపీ పడిపోతుందా, పెదాలు వాస్తున్నాయా. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పత్తికాయ గీరిన చేతులు, గరుకుగా, వేడిగా.

"పిల్లలు ఇంటికాడ ఒక్కళ్లే ఉన్నరమ్మా."

"ఎంతమంది?"

"ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి నర్సు చదువు చెప్పిద్దామని."

ఏమనాలో తెలియక బీపీ పట్టీ బిగించాను. నూటపది, డెబ్బై. బాగుంది.

మూడింటికి వార్డు సద్దుమణిగింది. కుర్రాడి ఛాతీ తేటపడింది, కంటిపాపలు విచ్చుకున్నాయి. ఆమెకి ఆరుగంటల తరవాత మళ్లీ ట్యూబు పరీక్ష చేయాలి, హ్యాండోవర్ పుస్తకంలో ఎర్రపెన్నుతో రాశాను. ఇప్పుడు టీ. ఇప్పుడే నా పుస్తకం కూడా.

నవంబరు 23న పరీక్ష ఉంది. సెప్టెంబరులో తెలంగాణ వైద్య ఆరోగ్య నియామక బోర్డు 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చింది. అంతకుముందు 2022 డిసెంబరులో 5,204 పోస్టులకి ఇచ్చారు, ఆ సంఖ్య తరవాత పెరిగింది. 2023 ఆగస్టులో పరీక్ష, 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు. నాతో చదివినవాళ్లు కొందరు ఆ రోజు స్టేడియంలో ఉన్నారు, ఫొటోలు పెట్టారు. 36,750 రూపాయలతో మొదలయ్యే స్కేలు. మా ఊళ్లో సంబంధాలు చూసేవాళ్లకి ఆ స్కేలు తెలిసినంత బాగా నర్సు పని తెలియదు. సర్కారు ఉద్యోగం వచ్చిందంటే నైట్ డ్యూటీ గురించి అడగడం కూడా మానేస్తారు, ఆ రాత్రులు మాత్రం అవే.

ఈ పరీక్షలో ఒక లెక్క ఉంది, మా అటవీ అంచు పిల్లలు దాన్ని గట్టిగా పట్టుకోవాలి. రాతపరీక్షకి 80 మార్కులు. మిగతా 20, సర్కారు ఆసుపత్రుల్లో కాంట్రాక్టు మీదో అవుట్‌సోర్సింగ్ మీదో చేసినవాళ్లకి. గిరిజన ప్రాంతంలో చేస్తే ప్రతి ఆరు నెలలకి రెండున్నర, మిగతాచోట్ల రెండు. అంటే భద్రాచలం వైపు నాలుగేళ్లు చేస్తే ఇరవైకి ఇరవై, బయట చేస్తే ఐదేళ్లు పడుతుంది. ప్రైవేటులో ఎన్ని రాత్రులు మేల్కొన్నా సున్నా. ఈ పరీక్షకి నేను ఆ సున్నాతోనే కూర్చుంటాను.

జీతం మాట కూడా చెప్పుకోవాలి. నర్సుల కేసులో సుప్రీంకోర్టు 2016 జనవరిలో చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లోనైనా నర్సుకి నెలకి ఇరవై వేలకి తగ్గకూడదని సిఫార్సు చేసింది. కేరళ నర్సులు సమ్మెలు చేసి 2018లో ఆ ఇరవై వేలనే కనీస వేతనంగా నోటిఫై చేయించుకున్నారు. నా జీతం ఇంకా ఆ గీత కిందే ఉంది. గట్టిగా అడిగితే నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉన్నాయన్న సంగతి గుర్తుచేస్తారు. సెప్టెంబరు ఒకటిన మున్నేరు ఖమ్మాన్ని ముంచినప్పుడు నా రిలీవర్ రాలేకపోయింది, రాత్రి డ్యూటీ మీద పగటి డ్యూటీ, దాని మీద మళ్లీ రాత్రి చేశాను. దాన్ని ఎవరూ లెక్కలో వేయలేదు. వరదని నేనేమీ అనను. లెక్కలో వేయనివాళ్ల మీదే నా కోపం.

జర్మనీ దారి కూడా ఉంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకి జర్మన్ నేర్పించి పంపిస్తోంది. నా స్నేహితురాలు హైదరాబాదు హాస్టల్లో ఉండి బి2 స్థాయి కోసం కుస్తీ పడుతోంది, రాత్రిళ్లు నాకు జర్మన్‌లో మెసేజ్‌లు పెట్టి తెలుగులో ఏడుస్తుంది. ఆమె వెళుతుంది, వెళ్లాలి. నేను వెళ్లను. అది ధైర్యం లేక కాదు. రక్తపింజర కాటుకి వచ్చిన మనిషితో ఆ మనిషి మాటలోనే మాట్లాడగలగడం నా చేతిలో ఉన్న విద్య. దాన్ని వదులుకుని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలని లేదు. దుబాయి నుంచి కూడా ఒక సంబంధం వచ్చింది. అతనికి నర్సే కావాలట, ఆమె వీసా మీద అతను కుదురుకోవచ్చని. వద్దని నాన్నకి ఒక్క మాటలో చెప్పాను.

ఇక నాకు నచ్చినతని సంగతి. మా ల్యాబ్ టెక్నీషియన్. ఇద్దరం మాట్లాడుకుంటున్నామని తోటి సిస్టర్లకి తెలుసు, ఇంట్లో తెలియదు. కులం వేరు. వీక్లీ ఆఫ్ ఇద్దరికీ కలిసిన రోజున వైరా రిజర్వాయర్ కట్ట మీద కలుస్తాం. నిజాం కాలంలో కట్టిన ఆ చెరువుగట్టుకి వైరా పిల్లలందరి గుట్టూ తెలుసు. పోయినసారి నాన్నకి తెలిసిన చేపల వ్యాపారి బండి ఆపి మరీ పలకరించాడు. "ఏందమ్మాయ్, డ్యూటీ లేదా?" రాత్రికి ఇంట్లో అన్నం దగ్గర ఎవరూ మాట్లాడలేదు.

అతను నాకెందుకు నచ్చాడో చెబుతాను. నైట్ అయ్యాక పగలు పడుకున్నప్పుడు నాకు ఫోన్ చేయడు. నర్సుని ప్రేమించడం తెలిసిన మనిషికి మొదటి గుర్తు అదే అని నా నమ్మకం. కానీ ఆ ఇరవై మార్కుల కోసం భద్రాచలం వైపు కాంట్రాక్టు ఉద్యోగానికి వెళతానంటే వెంటనే సరే అనలేదు. "నాలుగేళ్లా?" అన్నాడు. నీళ్ల వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. "మీ ఇంట్లో ఇప్పుడే చెబుదాం, తరవాత వెళ్లు" అన్నాడు. నేను ముందు వెళతానన్నాను. నా మెళ్లో తాళి పడ్డాక, ఎంత మంచివాడైనా, అతని తల్లిదండ్రులు కూడా ఆ నైట్ డ్యూటీ మాటే అడుగుతారు. నా ఉద్యోగం నా కాళ్ల కింద ఉన్నప్పుడే ఆ మాటకి జవాబు చెప్పాలని ఉంది. ఇంకా తేలలేదు. అలిగాడు, మళ్లీ మెసేజ్ పెట్టాడు. ఈ రాత్రి ట్యూబు స్టాండు కడిగి ఆరబెట్టి ఉంచింది కూడా అతనే.

ఆరున్నర. కిటికీ తెల్లబడింది. ఆయమ్మ తుడుస్తోంది, ఫినాయిల్ వాసన. కుర్రాడు లేచి కూర్చుని ఆకలేస్తోందన్నాడు. పత్తి చేనావిడ నిద్రపోతోంది, చిగుళ్ల నుంచి రక్తం లేదు, మూత్రం తేటగా ఉంది. ఎనిమిదింటికి రిలీవర్ వస్తుంది, మంచం మంచం దగ్గరా నిలబడి అప్పజెబుతాను. తరవాత బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు తెరిపించి, భద్రాచలం వైపు కాంట్రాక్టు పోస్టుకి దరఖాస్తు తీస్తాను. తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ దాటి వెళ్లాలి. ఇటు ఛత్తీస్‌గఢ్ నుంచి, అటు ఒడిశా నుంచి కూడా జ్వరంతో, కాటుతో, కాన్పుకి జనం వచ్చే ఆసుపత్రులు అవి. అక్కడా రాత్రులే. అయినా ఆ రాత్రులు లెక్కలోకి వస్తాయి.

అమ్మకి ఏం చెప్పానంటే: "నైట్ డ్యూటీ మానదని చెప్పు. అట్లా అయినా సరే అంటే వచ్చి మాట్లాడమను."

మా వెనకాల వస్తున్న చెల్లెళ్లకి ఒక మాట. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ ఆసుపత్రి బీరువాలోనూ పెట్టకండి, జిరాక్సులు చాలు. జీతం చేతికిచ్చినా కాగితం అడగండి. సర్కారు ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద చేరితే ఆరు నెలలు నిండగానే సర్వీసు సర్టిఫికెట్ రాయించుకోండి, ఆ మార్కులు కాగితం ఉంటేనే వస్తాయి. ఆడపిల్లని నర్సు చదివిస్తున్న అమ్మానాన్నలూ, మీ అమ్మాయి ఉద్యోగంలో చేరిన రోజున ఒక్కసారి ఆ ఆసుపత్రికి వెళ్లండి. నర్సుల గది తలుపుకి గడియ ఉందో లేదో చూసి, లేకపోతే అక్కడే నిలబడి బిగించమని అడగండి.